10^9+7 ప్రధాన సంఖ్యేనని బోర్డు మీద రుజువు చేసేదెలా? 998244353తో దానికి తేడా ఏంటి?

ప్రశ్న: ఉప్పల్_కోడ్‌క్లబ్

ఉప్పల్ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో రెండో ఏడాది పిల్లలకి శనివారం కోడింగ్ క్లబ్ నడుస్తోంది, ముప్పై మంది దాకా వస్తారు. ఈసారి పాఠం మాడ్యులర్ లెక్కలు, అంటే ఒక సంఖ్యతో (మాడ్యులస్) భాగించాక మిగిలే శేషాలతో చేసే లెక్కలు. మూడు విషయాల్లో సాయం కావాలి.

పోటీ ప్రశ్నల్లో జవాబును 1000000007తో భాగించి శేషం ఇవ్వమంటారు. ఆ సంఖ్యే ఎందుకంటే ప్రధాన సంఖ్య కాబట్టి అంటాం. ప్రధానమని ఎలా తెలుసు అని పిల్లలు వెంటనే అడుగుతారు. దాని వర్గమూలం 31,622 చిల్లర. అంతలోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలంటే సుమారు 3,400 భాగహారాలు, బోర్డు మీద అయ్యే పని కాదు. కంప్యూటర్ చెప్పింది అంటే వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. చిన్న రుజువు ఏదైనా ఉందా?

రెండోది ఒక లెక్క. ఒక సంఖ్య ఎన్‌ని ప్రధాన కారణాంకాలు, వాటి ఘాతాల రూపంలో ఇస్తారు. కారణాంకాలన్నీ 10^6 లోపే. ఎన్ భాజకాలన్నిటి లబ్ధం కావాలి. సూత్రం తెలిసిందే: భాజకాల సంఖ్య డి అయితే లబ్ధం ఎన్^(డి/2). పిల్లల కోడ్ డిని 10^9+7తో తగ్గించి, 2 విలోమంతో (2తో గుణిస్తే శేషం 1 ఇచ్చే సంఖ్య) గుణించి, దాన్ని ఘాతంగా పెడుతోంది. ఇచ్చిన నమూనాలు సరిపోతాయి, పెద్ద ఇన్‌పుట్లు తప్పుతాయి.

మూడోది, కొన్ని చోట్ల 10^9+7 బదులు 998244353 కనిపిస్తుంది. రెండూ ప్రధానాలే, రెండూ దాదాపు ఒకే సైజు. మరి రెండెందుకు?

---

శేషం_సున్నా

మొదటి ప్రశ్నకి జవాబు ఉందండీ, ఒకే బోర్డు మీద పడుతుంది. పెద్ద ప్రధాన సంఖ్య పి గురించి తెలుసుకోవాలంటే దాని వంక కాదు, దాని పక్కనున్న పి−1 వంక చూడాలి. మీ మూడు ప్రశ్నలకీ దారి అక్కణ్నుంచే.

ముందు పిల్లల్ని వేడెక్కించడానికి: 10^9 దాటాక మొదటి ప్రధానం ఇదే. 10^9+2, +4, +6 సరి సంఖ్యలు. 10^9+5ని 5 భాగిస్తుంది. 10^3+1 = 1001ని 7 భాగిస్తుంది కాబట్టి 10^9+1నీ 7 భాగిస్తుంది. మిగిలింది 10^9+3, అది 23 × 43478261. అంటే పది అంకెల ప్రధానాల్లో అతి చిన్నది 1000000007. ఇక అది ప్రధానమని చూపాలి.

వాడాల్సింది 1914 నాటి పాక్లింగ్టన్ సిద్ధాంతం. ఎన్−1కి ఒక ప్రధాన కారణాంకం క్యూ ఉండాలి, అది √ఎన్ కన్నా పెద్దదవ్వాలి. ఏదో ఒక ఎ కి ఎ^(ఎన్−1)ని ఎన్‌తో భాగిస్తే శేషం 1 రావాలి. అదే ఎ కి, ఎ^((ఎన్−1)/క్యూ) − 1 కీ ఎన్‌కీ గ.సా.భా. 1 అవ్వాలి. ఇవన్నీ కుదిరితే ఎన్ ప్రధానమే.

ఎందుకో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఎన్ సంయుక్త సంఖ్య అనుకుందాం. అప్పుడు దానికి √ఎన్ మించని ప్రధాన కారణాంకం ఆర్ ఒకటి ఉంటుంది. ఆర్ మాడ్యులోలో ఎ క్రమం (అంటే ఎ ఎన్నో ఘాతం దగ్గర మొదటిసారి 1 అవుతుందో ఆ సంఖ్య) ఎన్−1ని భాగిస్తుంది కానీ (ఎన్−1)/క్యూని భాగించదు. కాబట్టి ఆ క్రమంలో క్యూ ఉండి తీరాలి. క్రమం ఎప్పుడూ ఆర్−1ని భాగిస్తుంది, అంటే క్యూ ≤ ఆర్−1 < √ఎన్. కానీ క్యూ √ఎన్ కన్నా పెద్దదని ముందే అన్నాం. పొసగదు.

ఇప్పుడు మన సంఖ్య. 1000000006 = 2 × 500000003. క్యూ = 500000003, ఎ = 2 తీసుకోండి. (ఎన్−1)/క్యూ = 2, కాబట్టి గ.సా.భా. చూడాల్సింది 2^2 − 1 = 3కే. 1000000007 అంకెల మొత్తం 8, 3తో పోదు, గ.సా.భా. 1. ఇక మిగిలింది 2^1000000006 శేషం 1 అని చూడటం. ఘాతం బైనరీలో 30 బిట్లు, అంటే 29 సార్లు వర్గం చేస్తే చాలు. పైథాన్‌లో పౌ ఫంక్షన్‌కి మూడో విలువగా మాడ్యులస్ ఇస్తే క్షణంలో వస్తుంది. నమ్మని పిల్లలుంటే కాల్క్యులేటర్‌తో కూర్చోబెట్టండి.

అయితే 500000003 ప్రధానమని ఎవరు చెప్పారు? అదే మంత్రం మళ్లీ. 500000002 = 2 × 41 × 41 × 148721. దీని వర్గమూలం 22,360 చిల్లర, 148721 అంతకన్నా చాలా పెద్దది. ఈసారి (క్యూ−1)/148721 = 3362. 2^500000002 శేషం 1 రావాలి, 2^3362 శేషంలోంచి 1 తీసేసి 500000003తో గ.సా.భా. తీస్తే 1 రావాలి. ఎప్పుడైనా గ.సా.భా. దగ్గర ఆగిపోతే 2 బదులు 3 పెట్టి చూడండి, సిద్ధాంతం ఏ ఎ కైనా ఒప్పుకుంటుంది.

చివరికి 148721 మిగిలింది. దీని వర్గమూలం 385 చిల్లర, అంతలోపు ప్రధానాలు 76. ముప్పై మందికి పంచితే తలా రెండు మూడు భాగహారాలు. సరిచూసుకోవడానికి: 13తో శేషం 1, 89తో 2, 23, 53, 61 మూడింటితోనూ 3 వస్తుంది. 13తో పోయిందని ఎవరైనా చెయ్యెత్తితే లెక్క మళ్లీ చేయించండి.

3,400 భాగహారాలు 76కి దిగాయి, నాలుగు ఘాతాల లెక్క అదనం.

---

ఉప్పల్_కోడ్‌క్లబ్

చాలా బాగుంది. ఒక సందేహం. 2^(ఎన్−1) శేషం 1 వచ్చిందంటేనే ఫెర్మా పరీక్ష పాసైనట్టు కదా, మరి ఈ గొలుసంతా ఎందుకని ఎవరో ఒకరు అడుగుతారు.

---

శేషం_సున్నా

341 చూపించండి. 2^10 = 1024 = 3 × 341 + 1, కాబట్టి 2^340 శేషం కూడా 1. కానీ 341 = 11 × 31. ఫెర్మా పరీక్ష పాసైన దొంగ. 561 = 3 × 11 × 17 ఇంకా గడుసుది, తనతో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఎ తో పరీక్షించినా పాసవుతుంది. ఫెర్మా పరీక్ష తప్పితే సంయుక్తమని గట్టిగా చెప్పొచ్చు, పాసైతే మాత్రం ఏమీ తేలదు.

కోడ్‌లో రాసుకోవడానికైతే ఈ గొలుసు అక్కర్లేదు, మిల్లర్-రాబిన్ అనే, ఫెర్మా కన్నా గట్టి పరీక్ష చాలు. 2, 3, 5, 7 ఆధారాలుగా నడిపితే 3215031751 కంటే చిన్న సంఖ్యలకి తప్పు రాదు. ఆ 3215031751 నాలుగింటినీ మోసం చేసే మొదటి సంయుక్త సంఖ్య. 37 వరకూ ఉన్న 12 ప్రధానాలతో నడిపితే 64 బిట్ల సంఖ్యలన్నిటికీ సరైన జవాబే. 2002లో కాన్పూర్ ఐఐటీలో అగ్రవాల్, కయాల్, సక్సేనా కనిపెట్టిన పద్ధతి సిద్ధాంతపరంగా గొప్పది, పోటీ కోడ్‌లో మాత్రం నెమ్మది. పిల్లలు నెట్‌లో చూసి అదే రాస్తామంటే వద్దనండి.

---

మాడ్_మల్లన్న

రెండో ప్రశ్నకు నేను చెప్తా. తప్పు ఒకటి కాదు, రెండున్నయి.

ఘాతాన్ని పి తోని తగ్గిస్తున్నరు, అది పి−1 తోని తగ్గియ్యాలె. ఎందుకంటే ఎ^(పి−1) అయితదే 1, అదే ఫెర్మా సిద్ధాంతం. చిన్న పి తీసుకొని చూపియ్యుండ్రి: పి = 7, 2^8 = 256, 7 తోని శేషం 4. ఘాతం 8ని 7 తోని తగ్గిస్తే 1, జవాబు 2 వస్తది, తప్పు. 6 తోని తగ్గిస్తే 2, జవాబు 4, కరెక్టు. నమూనాలల్ల డి చిన్నగ ఉంటది, తగ్గించే పనే పడదు. అందుకే అక్కడ దొరుకుత లేదు.

సరే అని పి−1 పెట్టి, 2 విలోమం కోసం వెతికితే ఇంకో గోడ. పి−1 = 1000000006 సరి సంఖ్య, దాని మాడ్యులోల 2కు విలోమమే లేదు. మాడ్యులస్ ప్రధానమైతేనే సున్నా తప్ప అన్నిటికి విలోమం దొరుకుతది, పి ప్రధానమే గని పి−1 కాదు కద.

కాబట్టి మాడ్యులో చేసే ముందే 2 తోని భాగించాలె. కారణాంకాల ఘాతాలల్ల ఒక్కటైనా బేసి ఉంటే, దానికి 1 కలిపితే సరి అయితది. డి లబ్ధం చేసేటప్పుడు ఆ ఒక్క పదాన్ని సగం జేసి పెట్టుండ్రి, మిగతావి ఉన్నది ఉన్నట్టు. ఘాతాలన్నీ సరి అయితే ఎన్ పూర్ణ వర్గం, డి బేసి. అప్పుడు డి ని ముట్టొద్దు, ఎన్ బదులు √ఎన్ తీసుకోవాలె, అంటే ఘాతాలన్నీ సగం. 12కు భాజకాలు 6, 12^3 = 1728. 36కు భాజకాలు 9, 6^9 = 10077696. భాజకాలన్నీ గుణించి చూస్తే రెండూ సరిపోతయి.

ఒక షరతు. ఆధారం పి తోని పోతే ఫెర్మా నడవది. మీ లెక్కల కారణాంకాలు 10^6 లోపే అన్నరు కాబట్టి బాధ లేదు.

ఇగ ఇదే పాఠంల చెప్పవలసినయి ఇంకొన్ని. సీ ప్లస్ ప్లస్, జావాలల్ల (ఎ−బి) శేషం రుణాత్మకం వస్తది, పి కలిపి మళ్ల శేషం తియ్యాలె. పైథాన్‌ల ఆ బాధ లేదు. ఘాతానికి లైబ్రరీ పౌ వాడితే డబుల్‌ల లెక్క జరుగుతది, అది 2^53, అంటే సుమారు 9 × 10^15 దాటినంక చివరి అంకెలు పోగొడుతది. కనిష్ఠం, గరిష్ఠం అడిగిన లెక్కలల్ల నడుమ శేషం తీసి పోల్చొద్దు. శేషం తీసినంక ఏది పెద్దదో ఏది చిన్నదో తెల్వది.

డీబగ్ చేసేటప్పుడు పనికొచ్చే ముచ్చట ఒకటి. జవాబుల 500000004 కనిపిస్తే అది 1/2. 333333336 అంటే 1/3, 250000002 అంటే 1/4, 166666668 అంటే 1/6, 142857144 అంటే 1/7. పి+1 = 1000000008ని 2, 3, 4, 6, 7, 8, 9 అన్నీ భాగిస్తయి, భాగఫలమే విలోమం. 5 మాత్రం భాగించది, దానికి 2పి+1 దాక పోవాలె: 400000003.

---

ఎన్‌టీటీ_పిచ్చి

మూడో ప్రశ్నకి జవాబు కూడా పి−1 లోనే ఉంది. 998244353 − 1 = 119 × 2^23 = 7 × 17 × 2^23. 10^9+7కి పి−1 లో 2 ఒక్కసారే వస్తుంది. తేడా అంతా ఆ ఒక్క విషయమే.

రెండు బహుపదుల్ని వేగంగా గుణించాలంటే ఎన్‌టీటీ చేస్తాం, అంటే ఫోరియర్ పరివర్తనని పూర్ణాంకాల్లో చేయడం. దానికి పొడవు 2^కె అయితే 2^కె వ ఘాతం దగ్గర మొదటిసారి 1 అయ్యే సంఖ్య ఒకటి కావాలి. అది ఉండాలంటే 2^కె పి−1ని భాగించాలి. 998244353లో 2^23 = 8388608 పొడవు దాకా దొరుకుతుంది. 10^9+7లో 2 పొడవుతోనే ఆగిపోతుంది, ఉన్నవి 1, −1 మాత్రమే. 8388608 అనేది ఫలితం పొడవుకి హద్దు, ఇన్‌పుట్‌కి కాదు. రెండు బహుపదుల్లోనూ నలభై ఐదేసి లక్షల పదాలుంటే ఫలితం దాటిపోతుంది, చివరి పదాలు చుట్టూ తిరిగి మొదటి పదాల మీద పడతాయి. దోషం ఎక్కడుందో కనిపెట్టడం మహా కష్టం, ఎందుకంటే ప్రోగ్రామ్ ఆగదు, జవాబు మాత్రం తప్పు.

దీని ప్రిమిటివ్ రూట్ (తన ఘాతాలతో సున్నా తప్ప శేషాలన్నిటినీ తాకే సంఖ్య) 3. నిర్ధారించుకోవడానికి మూడే లెక్కలు: 3^499122176, 3^142606336, 3^58720256, వీటిలో ఏదీ 1 కాకూడదు. ఈ ఘాతాలు పి−1ని వరసగా 2, 7, 17తో భాగిస్తే వచ్చినవి. 2^కె పొడవుకి కావాల్సిన మూలం 3^((పి−1)/2^కె).

పైన గొలుసు రుజువు చూశారు కదా, 998244353కి అంత కూడా అక్కర్లేదు. 1878 నాటి ప్రోత్ సిద్ధాంతం ఉంది: ఎన్ = కె × 2^ఎమ్ + 1, కె బేసి, కె < 2^ఎమ్. అప్పుడు ఏదో ఒక ఎ కి ఎ^((ఎన్−1)/2) శేషం −1 అయితే ఎన్ ప్రధానమే. 119 < 2^23. 3^499122176 తీస్తే 998244352 వస్తుంది, అంటే −1. ఒక్క ఘాతంతో రుజువు పూర్తి. నన్నడిగితే పిల్లలకి ముందు ఇది చూపించి, తర్వాతే 10^9+7 గొలుసులోకి తీసుకెళ్లాలి.

ప్రశ్నలో 10^9+7 అడిగి, బహుపదులు గుణించాల్సి వస్తే మూడు ప్రధానాలతో విడివిడిగా ఎన్‌టీటీ చేసి చైనీస్ శేష సిద్ధాంతంతో కలపాలి. 998244353, 469762049 (7 × 2^26 + 1), 167772161 (5 × 2^25 + 1), మూడింటికీ 3 ప్రిమిటివ్ రూట్. రెండు చాలవా అంటే చాలవు. మొదటి రెండింటి లబ్ధం 4.7 × 10^17, ఒక్క పదం లబ్ధమే 10^18 దాకా వెళ్తుంది. మూడింటి లబ్ధం 7.8 × 10^25 దాటుతుంది. అయిదు లక్షల పొడవుకి కావాల్సింది 5 × 10^23, కాబట్టి నిశ్చింత.

ఎన్‌టీటీ అవసరం లేని చోట రెండింటికీ ఆచరణలో తేడా లేదు. రెండు శేషాల మొత్తం 2^31 − 1 లోపే ఉంటుంది, ఇంట్‌లో పడుతుంది. లబ్ధం సుమారు 10^18, లాంగ్ లాంగ్‌లో పడుతుంది. మాట్రిక్స్ గుణకారంలో ప్రతి లబ్ధానికీ శేషం తీయడం దండగ: గుర్తు లేని 64 బిట్లలో 18 లబ్ధాలు కూడాక ఒకసారి తీస్తే చాలు, గుర్తున్న దాంట్లో అయితే 9.

---

హాష్_హరి

పాఠంలో స్ట్రింగ్ హాషింగ్ (అక్షరాల్ని ఒక ఆధారం ఘాతాలతో గుణించి కూడి, స్ట్రింగ్‌ని ఒక సంఖ్యగా మార్చడం) కూడా ఉంటే ఈ రెండింటినీ వాడనివ్వకండి. లక్ష స్ట్రింగ్‌లుంటే జతలు 5 × 10^9. విలువలు 10^9 మాత్రమే కాబట్టి, అన్నీ యాదృచ్ఛికంగా పడ్డా సగటున 5 జతలు ఢీకొంటాయి. ఎవరూ కావాలని చెడగొట్టకుండానే.

2^61 − 1 వాడండి. 1883లో పెర్వుషిన్ దాన్ని ప్రధానమని తేల్చాడు. ఇక్కడ ఆసక్తికరమైన పొరుగు పి−1 కాదు, పి+1: అది అచ్చంగా 2 ఘాతం. 2^61 శేషం 1 కాబట్టి భాగహారం లేకుండా శేషం తీయొచ్చు. 128 బిట్ల లబ్ధంలో కింది 61 బిట్లు, పై బిట్లు విడదీసి కూడండి, పి కి సమానమైనా మించినా ఒకసారి పి తీసేయండి. ఆ చివరి తీసివేత మర్చిపోతే 0, పి రెండు వేర్వేరు విలువలుగా మిగిలి, ఒకే స్ట్రింగ్‌కి రెండు హాష్‌లు వస్తాయి. 2024 అక్టోబరులో ప్రకటించిన 2^136279841 − 1, అంటే 4,10,24,320 అంకెలది, ఈ కుటుంబంలోదే. అది ప్రధానమని ఖాయం చేసిన లూకాస్-లేమర్ పరీక్ష కూడా పి+1 మీదే నిలబడింది.

ఆధారం మాత్రం ప్రోగ్రామ్ నడిచిన ప్రతిసారీ యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి. కోడ్‌లో 31 అని రాసి పెట్టేస్తే, ప్రధానం ఎంత పెద్దదైనా ఇతరుల కోడ్ చదివి ఇన్‌పుట్ తయారుచేసే పోటీల్లో పడగొట్టేస్తారు. శేషం తీయకుండా 64 బిట్ల ఓవర్‌ఫ్లోకే వదిలేసే అలవాటు ఇంకా ఘోరం. 1,024 అక్షరాల థ్యూ-మోర్స్ స్ట్రింగ్ (0తో మొదలెట్టి, ప్రతిసారీ ఉన్నదాని వెనక 0, 1 తారుమారు చేసిన నకలు అతికిస్తూ పోతే వచ్చేది), దానిలో 0, 1 తారుమారు చేసిన జోడీ, ఏ బేసి ఆధారం పెట్టినా ఒకే హాష్ ఇస్తాయి.

మల్లన్న చెప్పిన దానికి చిన్న చేర్పు. 10^9+7లో 2 క్రమం పి−1 కాదు, 500000003. పి ని 8తో భాగిస్తే శేషం 7 కాబట్టి 2 ఒక వర్గం, దాని ఘాతాలు సగం సంఖ్యల్నే తాకుతాయి. 3 కూడా అంతే. 5 తీసుకుంటే అన్నిటినీ తాకుతుంది.

---

ఉప్పల్_కోడ్‌క్లబ్

అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి: ఫిబొనాచీ సంఖ్యలకి √5 ఉన్న సూత్రం ఉంది కదా. √5కి బదులు మాడ్యులోలో దాని విలువ పెట్టి నేరుగా లెక్కించొచ్చా?

---

శేషం_సున్నా

10^9+9లో కుదురుతుంది, 10^9+7లో కుదరదు. కవల ప్రధానాలే, గుణాలు వేరు. 10^9+9ని 5తో భాగిస్తే శేషం 4, కాబట్టి 5కి అక్కడ వర్గమూలం ఉంది: 383008016. బోర్డు మీదే సరిచూడొచ్చు. దాని వర్గం 146695140320256256. 10^9కి బదులు −9 పెట్టండి: −9 × 146695140 + 320256256 = −1000000004. దానికి 1000000009 కలిపితే 5.

10^9+7ని 5తో భాగిస్తే శేషం 2, అక్కడ √5 లేదు. అయినా సూత్రాన్ని వదులుకోనక్కర్లేదు. సంకీర్ణ సంఖ్యల్లాగే (ఎ, బి) జతని ఎ + బి√5 అనుకుని లెక్క నడపండి. (ఎ, బి), (సి, డి) గుణిస్తే (ఎసి + 5బిడి, ఎడి + బిసి). 1/2కి 500000004 వాడండి, చివర్లో √5తో భాగించే బదులు జతలో రెండో సంఖ్య తీసుకుంటే చాలు, దాన్ని రెండింతలు చేస్తే ఫిబొనాచీ సంఖ్య. ఎసి + 5బిడి గరిష్ఠంగా 6 × 10^18కి కాస్త పైన, లాంగ్ లాంగ్ హద్దు 9.2 × 10^18. కాబట్టి మధ్యలో శేషం తీయకపోయినా పర్వాలేదు. ఇదే కోడ్‌ని √5 బదులు √10కి మారిస్తే మాత్రం ఓవర్‌ఫ్లో అవుతుంది, అప్పుడు బిడికి ముందే శేషం తీసి 10తో గుణించాలి.